పాత డ్రాయింగుతో పని చేస్తే పగలగొట్టే పని ఎవరికి?

కువైట్‌లో భవన నిర్మాణ పనుల్లో ఉన్న కార్మిక సోదరుల కోసం ఈ అధ్యాయం రాయడమైనది. అబ్బాసియాలో, దాని చుట్టూ ఉన్న జిలీబ్ అల్ షుయూఖ్ ప్రాంతంలో గదులు పంచుకుని ఉంటున్న మనవాళ్ళలో కడప, రాయచోటి, రాజంపేట వైపు నుండి వచ్చినవారు, గోదావరి జిల్లాలవారు, తెలంగాణవారు ఎందరో ఉన్నారు. తాపీ మేస్త్రీలు, కడ్డీలు కట్టేవారు, సెంట్రింగ్ కార్పెంటర్లు, ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, వారి కింద హెల్పర్లు. జీతం, అకామా, పాస్‌పోర్టు గురించి వేరే అధ్యాయాలు ఉన్నాయి. ఇది డ్రాయింగు గురించి.

"డ్రాయింగు చూసుకోవడం ఇంజినీరు పని, మాకెందుకు" అని చాలామంది అనుకుంటారు. డ్రాయింగు గియ్యడం, మార్చడం, ఆమోదించడం ఇంజినీర్ల పనే, అందులో సందేహం లేదు. కానీ గోడ తప్పు చోట లేస్తే దాన్ని పగలగొట్టేది మీరు. మళ్ళీ కట్టేది మీరు. ఆ రెండు రోజుల జీతం ఇవ్వమని ఎవరైనా బెదిరిస్తే ఆ మాట పడేది కూడా మీరే. అందువల్ల చేతికొచ్చిన కాగితం పాతదా కొత్తదా అని చూడటం నేర్చుకోవాలి. ఇంగ్లీషు చదవడం రాకపోయినా ఇది నేర్చుకోవచ్చు.

డ్రాయింగు ఎందుకు మారుతుంది

కువైట్‌లో ఇల్లు కట్టాలంటే ముందు బలదియా, అంటే మునిసిపాలిటీ, లైసెన్సు కావాలి. దానికోసం వేసిన ప్లాను ఒకటి ఉంటుంది. తర్వాత కట్టడానికి ఇచ్చే డ్రాయింగులు వస్తాయి. వాటిని చూసి కాంట్రాక్టరు మనుషులు ఇంకా వివరంగా గీసేవి షాపు డ్రాయింగులు. కన్సల్టెంటు వాటిమీద ఎర్ర సిరాతో దిద్దుతాడు, మళ్ళీ గీసి పంపుతారు. పని మొదలయ్యాక ఇంటి యజమాని దివానియా గది పెద్దది కావాలంటాడు, లిఫ్టు పెట్టమంటాడు, మెట్లు అవతలి పక్కకు జరపమంటాడు. ఏసీ వాళ్ళు డక్టుకు దారి చాలదంటారు. ఇలా ఒకే గదికి నాలుగైదు రకాల కాగితాలు సైటులో తిరుగుతుంటాయి. చూడటానికి అన్నీ ఒకటిగానే ఉంటాయి.

పెద్ద కంపెనీ సైటులో ఈ కాగితాలకు లెక్క చూసే డాక్యుమెంటు కంట్రోలరు ఉంటాడు. కొత్తది రాగానే పాతది వెనక్కి తీసుకోవడం అతని బాధ్యత. కువైట్ నగరానికి వాయవ్యంగా ఎడారిలో వెలిసిన దక్షిణ ముత్లా కాలనీలో సుమారు 28 వేల ఇళ్ళ స్థలాలు ఇచ్చారు. అటువంటి చోట ఒక్కొక్క యజమాని ఒక్కొక్క చిన్న కాంట్రాక్టరును పెట్టుకుంటాడు. అక్కడ లెక్క చూసే మనిషి సాధారణంగా ఉండడు. డ్రాయింగు కారు డాష్‌బోర్డు మీద ఎండకు పసుపెక్కి ఉంటుంది, లేదా ఫోర్‌మన్ ఫోనులో ఉంటుంది. మా అభిప్రాయంలో పెద్ద టవర్ల కంటే ఈ విల్లా పనుల్లోనే కార్మికుడు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

నష్టం ఎంతో ఒక చిన్న లెక్క చూడండి. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు గోడ అంటే 12 చదరపు మీటర్లు. 40 సెంటీమీటర్ల పొడవు, 20 ఎత్తు ఉన్న బ్లాకులు చదరపు మీటరుకు పన్నెండున్నర పడతాయి. అంటే 150 బ్లాకులు. గోడను అరమీటరు పక్కకు జరిపారని పాత కాగితంలో ఉండదు. మీరు పాతదాని ప్రకారం కట్టేస్తే 150 బ్లాకులు పగలాలి, చెత్త కిందికి మొయ్యాలి, కొత్త బ్లాకులు పైకెక్కించాలి. గోడ కాబట్టి ఇంతతో పోతుంది. స్లాబయితే ఇంత సులభం కాదు. 200 చదరపు మీటర్ల స్లాబు 20 సెంటీమీటర్ల మందం వేస్తే 40 ఘనపు మీటర్ల కాంక్రీటు, అంటే నాలుగైదు మిక్సరు లారీలు. గట్టిపడ్డాక అందులో తప్పు తేలితే జాక్ హ్యామరు పట్టుకోవలసిందే.

కుడివైపు కింది మూల చూడండి

డ్రాయింగు చేతికి రాగానే మధ్యలో ఉన్న గదులు కాదు, ముందు కుడివైపు కింది మూలన ఉన్న డబ్బా చూడాలి. కొన్నింటిలో ఈ డబ్బా కుడి అంచున నిలువుగా ఉంటుంది. దానిలో డ్రాయింగు నంబరు, రివిజన్, తేదీ ఉంటాయి. ఆ పక్కన చిన్న పట్టికలో ఇంతకు ముందు ఎన్నిసార్లు మార్చారో, ఏ తేదీన మార్చారో వరుసగా రాసి ఉంటుంది. ఈ మూడింటినీ ఫోర్‌మన్ దగ్గరున్న కాగితంతో కలిపి చూసుకోండి. కలవకపోతే పని మొదలుపెట్టకుండా అడగండి.

ఇక్కడ మోసపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. చాలా ప్రాజెక్టుల్లో ఆమోదం కోసం తిరుగుతున్నప్పుడు రివిజన్‌కు ఏ, బీ, సీ అని అక్షరాలు పెడతారు. కట్టడానికి విడుదల చేసేటప్పుడు 0, 1, 2 అని అంకెలు మొదలవుతాయి. అలాంటి సైటులో 'సీ' కంటే '0' కొత్తది. సున్నా కదా, మొదటిదై ఉంటుంది అనుకుని పక్కన పెట్టకండి. తేదీ విషయంలో కూడా అంతే. కాగితం అంచున సన్నటి అక్షరాల్లో కనిపించేది ప్రింటు తీసిన తేదీ కావచ్చు. పాత డ్రాయింగును నిన్న ప్రింటు తీస్తే నిన్నటి తేదీయే పడుతుంది. మీరు చూడవలసింది రివిజన్ ఎదురుగా ఉన్న తేదీ.

తర్వాత ముద్ర చూడండి. 'ఫర్ కన్‌స్ట్రక్షన్' అని ఉంటే కట్టడానికి ఇచ్చినది. 'ఫర్ టెండర్' అంటే ధర చెప్పడానికి ఇచ్చినది. 'ఫర్ ఇన్ఫర్మేషన్' అంటే ఊరికే తెలియడం కోసం. 'సూపర్‌సీడెడ్' అంటే రద్దయినది, దాని స్థానంలో కొత్తది వచ్చిందని అర్థం. చదవడం రాకపోతే ఈ నాలుగు ముద్రలు ఎలా ఉంటాయో గదిలో చదువుకున్న తమ్ముడెవరినైనా అడిగి ఒక కాగితం మీద రాయించుకుని జేబులో పెట్టుకోండి. సిగ్గుపడవలసిన పని కాదు.

మార్పు జరిగిన చోట చుట్టూ మబ్బు ఆకారంలో గీత గీసి, పక్కన చిన్న త్రికోణంలో రివిజన్ నంబరు వేస్తారు. ఇది మంచి గుర్తే. కానీ సాధారణంగా ఆఖరి మార్పుకు మాత్రమే మబ్బు ఉంటుంది. మీ దగ్గర రివిజన్ 1 ఉండి, ఇప్పుడు 3 వచ్చిందనుకోండి. మధ్యలో 2లో మారినవాటికి మబ్బు తీసేసి ఉండొచ్చు. అప్పుడు మబ్బున్న చోటే కాక, మీ పని ఉన్న భాగమంతా కొలతలు మళ్ళీ సరిచూసుకోవాలి.

స్కేలు పెట్టి కాగితం మీద కొలిచి పని చెయ్యకండి. ఏ1 సైజు పెద్ద షీటును ఏ3కు తగ్గించి కాపీ తీస్తే గీతలన్నీ సగం పొడవుకు వస్తాయి. మూలన 1:50 అని ఉన్నా అది నిజంగా 1:100. రాసి ఉన్న అంకెనే నమ్మాలి. అంకె లేకపోతే అడగాలి.

అరబ్బీ అంకెలు, కడ్డీల గుర్తులు

విల్లా పనుల్లో డ్రాయింగులు అరబ్బీలోనే రావచ్చు. అరబ్బీ అక్షరాలు కుడి నుండి ఎడమకు చదువుతారు కానీ అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుండి కుడికి. అరబ్బీ సున్నా ఒక చుక్క మాత్రమే. అరబ్బీ అయిదు మన సున్నాలాగా గుండ్రంగా ఉంటుంది. అరబ్బీ ఆరు మన 7 లాగా కనిపిస్తుంది. ఏడు గరాటులాగా పైకి తెరుచుకుని ఉంటుంది, ఎనిమిది దాన్ని బోర్లించినట్టు ఉంటుంది. రెండుకు, మూడుకు తేడా పైన ఒక పన్ను మాత్రమే. 150 అని రాస్తే ఒక గీత, ఒక గుండ్రం, ఒక చుక్క కనిపిస్తాయి. అలవాటు లేనివారు దాన్ని 10 అని చదివి చుక్కను దుమ్ము మరక అనుకుంటారు. నకలు కాపీల్లో ఈ చుక్క ఎగిరిపోతుంది కూడా. కాబట్టి అనుమానం ఉన్న అంకెను మసక కాపీలో కాకుండా అసలు షీటులో చూడండి.

కడ్డీలు కట్టేవారికి ఇంకో మాట. మన ఊళ్ళో మామూలుగా 12 మిల్లీమీటర్ల తర్వాత 16 వాడతాం. గల్ఫ్‌లో 14 కూడా వాడతారు. పాత షీటులో 12 ఉండి కొత్తదాంట్లో 14 అయితే చూపుకు పెద్ద తేడా అనిపించదు, కానీ కడ్డీలో ఉక్కు మూడో వంతుకు పైగా పెరుగుతుంది. దూరం రాసే పద్ధతి కూడా రెండు రకాలు. కొన్ని డ్రాయింగుల్లో కడ్డీకి కడ్డీకి మధ్య 200 మిల్లీమీటర్లు అని రాస్తారు. కొందరు ఇంజినీర్లు, ముఖ్యంగా ఈజిప్టు పద్ధతిలో గీసేవారు, మీటరుకు 5 కడ్డీలు అని రాస్తారు. రెండూ ఒకటే. మీటరుకు 5 ఉన్నది 6 అయితే దూరం 200 నుండి సుమారు 167కు తగ్గుతుంది.

ఒక డ్రాయింగు మారింది, పక్కది మారలేదు

ఇది చాలా చోట్ల జరిగే గొడవ. గదులు చూపే షీటు వేరు, కడ్డీలు చూపే షీటు వేరు, ఏసీ, నీళ్ళు, కరెంటు షీట్లు వేరు. బాత్‌రూం జరిగిందని గదుల షీటులో కొత్త రివిజన్ వస్తుంది. ప్లంబరు చేతిలో పాతదే ఉంటుంది. అతను పాత చోటే స్లీవు పెడతాడు, కార్పెంటరు పలకలు బిగిస్తాడు, కాంక్రీటు పడుతుంది. తర్వాత కొత్త రంధ్రం కోసం కోర్ కటింగ్ మిషను తెచ్చి, నిన్న మీరే కట్టిన కడ్డీని కోస్తారు. ప్లంబరు కాగితం ప్రకారమే చేశాడు, కార్పెంటరూ కాగితం ప్రకారమే చేశాడు. అయినా పని తప్పింది. కాబట్టి కాంక్రీటుకు ముందురోజు పక్క పనివాడి షీటూ మీ షీటూ పక్కపక్కన పెట్టి, తలుపులు, మెట్లు, రంధ్రాలు ఒకే చోట ఉన్నాయా చూడండి. పది నిమిషాల పని. తేడా కనిపిస్తే ఏది సరైనదో మీరు తేల్చకండి. ఇద్దరూ కలిసి ఫోర్‌మన్‌కు చూపండి.

'చిన్న మార్పే కదా' అనే మాటను నమ్మవద్దు. అమెరికాలోని కాన్సాస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటలు హాలులో, ఒకదాని కింద ఒకటిగా, రెండో అంతస్తు ఎత్తున, నాలుగో అంతస్తు ఎత్తున నడక వంతెనలు పైకప్పు నుండి కడ్డీలతో వేలాడదీశారు. మొదటి డ్రాయింగులో ఒకే పొడుగు కడ్డీ రెండు వంతెనలనూ మోస్తుంది. బిగించడం కష్టమని షాపు డ్రాయింగులో దాన్ని రెండు ముక్కలు చేశారు. దాంతో కింది వంతెన బరువు కూడా పై వంతెన దూలానికే తగిలింది, అక్కడి బిగింపు మీద భారం రెట్టింపయింది. లెక్క మళ్ళీ చూడకుండానే ఆమోద ముద్ర పడింది. 1981 జూలై 17న రెండూ కూలి 114 మంది చనిపోయారు. ఆ ఇంజినీర్ల లైసెన్సులు రద్దయ్యాయి. కార్మికుడు ఆ లెక్క వెయ్యలేడు, ఎవరూ అడగరు కూడా. అందుకే మీ అంతట మీరు సులువు కోసం ఏ మార్పూ చెయ్యకండి. ఎవరైనా నోటిమాటతో చెయ్యమంటే కాగితం అడగండి.

కాంక్రీటు పడితే లోపలిది కనిపించదు అనుకోవడం కూడా పొరపాటే. లాస్ వేగాస్‌లో హార్మన్ అనే హోటలు టవరును 49 అంతస్తులకు తలపెట్టారు. 2008లో దూలాల్లో కడ్డీలు డ్రాయింగు ప్రకారం లేవని బయటపడింది. అంతకు ముందు తనిఖీ రిపోర్టుల్లో అంతా బాగుందనే రాశారు. ఎత్తు తగ్గించారు, తర్వాత పని ఆపారు, ఒక్క రోజు కూడా తెరవకుండా 2014, 2015 సంవత్సరాల్లో విప్పేశారు.

నోటిమాట, వాట్సాప్, తుండు కాగితం

సైటులో చాలా పనులు నోటిమాట మీదే నడుస్తాయి, ఇది అందరికీ తెలిసిందే. యజమాని సాయంత్రం వచ్చి "ఈ కిటికీ ఇక్కడ వద్దు" అంటాడు. ముదీర్ సరేనంటాడు. వారం తర్వాత ఇంజినీరు వచ్చి "ఎవరు చెప్పారు" అని అడిగితే అందరూ మీ వంక చూస్తారు. కాబట్టి మార్పు చెప్పినవారిని మర్యాదగా అడగండి: "సార్, డ్రాయింగు మీద రాసి సంతకం చెయ్యండి." సంతకం పెట్టకపోతే ఫోర్‌మన్‌కు వాట్సాప్‌లో ఒక్క మెసేజి పెట్టండి. ఫలానా గదిలో కిటికీ మార్చమన్నారు, మొదలుపెట్టమంటారా అని. రాయడం రాకపోతే వాయిస్ మెసేజి చాలు. జవాబు వచ్చినా రాకపోయినా మీరు అడిగిన తేదీ, సమయం ఫోనులో ఉంటాయి.

కొత్త కాగితమా అని హిందీలో అడగాలంటే "యే నయా నక్షా హై?" అనండి. అరబ్బీలో "హాదీ ఖరీతా జదీదా?" అంటే అర్థమవుతుంది.

ఫోనులో వచ్చే డ్రాయింగులతో ఒక చిక్కు ఉంది. గ్యాలరీలో పాతదీ కొత్తదీ కలిసిపోతాయి. కొత్తది రాగానే పాత ఫోటో మీద వేలితో పెద్ద అడ్డగీత గీసి దాచండి. చెరిపెయ్యకండి, ఎందుకంటే ఆ రోజు మీకు ఇచ్చింది అదేనని చూపించడానికి అవసరం పడవచ్చు. కాగితమయితే పాతది ఫోర్‌మన్‌కు తిరిగి ఇచ్చెయ్యండి, ఇచ్చేముందు మూల డబ్బా కనిపించేలా ఫోటో తీసుకోండి. కొన్ని కంపెనీలు సైటు ఫోటోలు తీయనివ్వవు. అలాంటి చోట ముందుగా అనుమతి అడగండి. అనుమతి లేకపోతే డ్రాయింగు నంబరు, రివిజన్, తేదీ, ఇచ్చినవారి పేరు చిన్న డైరీలో తెలుగులోనే రాసుకోండి. చార్జి హ్యాండు సిమెంటు బస్తా ముక్క మీద కొలతలు రాసిచ్చినా ఆ ముక్కను పారెయ్యకండి.

తప్పు మీదని అంటే

తప్పు జరిగాక మళ్ళీ చెయ్యడానికి అయిన ఖర్చు జీతంలో కోస్తామని అంటే భయపడి ఒప్పుకోకండి, అలాగని గొడవకూ దిగకండి. ప్రైవేటు కంపెనీల కార్మికులకు, అంటే 18 నంబరు షూన్ వీసావారికి, 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం వర్తిస్తుంది. దాని 37వ ఆర్టికల్ ప్రకారం శిక్ష వెయ్యడానికి ముందు ఆరోపణ రాతపూర్వకంగా తెలపాలి, మీ మాట విని నమోదు చెయ్యాలి. పాత డ్రాయింగు ఎవరిచ్చారో చెప్పవలసింది అక్కడే. 38వ ఆర్టికల్ ప్రకారం శిక్షగా నెలకు 5 రోజుల జీతానికి మించి కొయ్యకూడదు. యజమానికి మీరు బాకీ ఉన్న అప్పు కింద కోసినా, 59వ ఆర్టికల్ ప్రకారం జీతంలో 10 శాతానికి మించకూడదు, వడ్డీ వెయ్యకూడదు.

పగలగొట్టే పనికి ఎక్కువ గంటలు ఉంచితే అది కూడా ఓవర్‌టైమే. 66వ ఆర్టికల్ ప్రకారం గంటకు మామూలు జీతం మీద కనీసం 25 శాతం ఎక్కువ రావాలి. ఓవర్‌టైము చేసినట్టు ఏ ఆధారంతోనైనా నిరూపించుకునే హక్కు మీకుంది. మీ డైరీ ఇక్కడ పనికొస్తుంది. కొత్త డ్రాయింగు రాలేదని పని ఆగితే అది మీ తప్పు కాదు. కార్మికులతో సంబంధం లేని కారణంతో పని ఆగిన రోజులకూ జీతం ఇవ్వాలని 61వ ఆర్టికల్ చెబుతుంది. ఆలస్యమయిందని జూన్ 1 నుండి ఆగస్టు 31 వరకు పగలు 11 నుండి 4 గంటల మధ్య ఎండలో పగలగొట్టించడం కూడా నిషిద్ధం.

అయితే ఒక సంగతి దాచకూడదు. యజమానికి భారీ నష్టం తెచ్చిన తప్పు చేశాడని 41వ ఆర్టికల్ కింద నోటీసు లేకుండా పనిలోంచి తీసెయ్యవచ్చు. దాన్ని కార్మిక శాఖ ముందు సవాలు చేసే హక్కు కార్మికుడికి ఉంది, కానీ అప్పుడు కావలసింది రుజువు. ఏ రివిజన్ ఇచ్చారో, ఏ తేదీన ఇచ్చారో చెప్పలేనివాడి మాట నిలవడం కష్టం.

అర్థం కాని అరబ్బీ కాగితం మీద 'నష్టం నా వల్లే' అన్నట్టు సంతకం, వేలిముద్ర వెయ్యకండి. అరబ్బీ తెలిసినవారితో చదివించుకుంటాను, ఒక కాపీ ఇవ్వండి అని అడగండి. కోపం వచ్చి క్యాంపు వదిలి వెళ్ళిపోకండి. వరుసగా 7 రోజులు సరైన కారణం లేకుండా రాకపోతే రాజీనామా చేసినట్టు లెక్కకట్టే వీలుంది, పరారీ కేసు కూడా పెట్టవచ్చు. అప్పుడు మీ డ్రాయింగు గొడవ పక్కకు పోయి, అకామా గొడవ ముందుకొస్తుంది. 20 నంబరు ఖాదిం వీసా మీద వచ్చి సైటు పని చేస్తున్నవారికి పై చట్టం వర్తించదు. అలాంటివారు ఆలస్యం చెయ్యకుండా రాయబార కార్యాలయాన్ని సంప్రదించాలి.

కంపెనీలో మాట్లాడినా తేలకపోతే పబ్లిక్ అథారిటీ ఫర్ మ్యాన్‌పవర్ కింద ఉన్న కార్మిక సంబంధాల విభాగంలో ఫిర్యాదు ఇవ్వవచ్చు. వారు ఇరుపక్షాలనూ పిలుస్తారు. నెలలోపు తేలకపోతే కేసును కోర్టుకు పంపుతారు, కార్మికుడు కోర్టు ఫీజు కట్టనక్కర్లేదు. కాంట్రాక్టు ముగిసిన ఏడాది తర్వాత ఈ హక్కు పోతుంది. రాయబార కార్యాలయం కార్మిక విభాగానికి వచ్చేటప్పుడు సివిల్ ఐడీ, పాస్‌పోర్టు కాపీ, కాంట్రాక్టు కాపీ, కోత పడిన నెలల బ్యాంకు స్టేటుమెంటు తీసుకురండి. వాటితోపాటు మీ డైరీ, మీకిచ్చిన డ్రాయింగు ఫోటో, వాట్సాప్ మెసేజిలు ఉన్న ఫోను కూడా తెచ్చుకోగలరు.